కొత్తది కొనే ముందు: ఇంటి కంప్యూటర్‌లో, వైఫైలో లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

కంప్యూటర్ నెమ్మదించగానే కొత్తదాని ధర చూడటం, వైఫై సరిగా అందకపోగానే ఇంకా పెద్ద ప్లాన్‌కు మారడం చాలా ఇళ్లలో జరిగే పనే. డబ్బు ఖర్చవుతుంది కానీ, అసలు లోపం ఉన్న చోటు మాత్రం అలాగే ఉండిపోవచ్చు. డెస్క్‌టాప్ అయినా, ల్యాప్‌టాప్ అయినా, వైర్‌లెస్ నెట్‌వర్క్ అయినా ముందుగా లోపం ఏ భాగంలో ఉందో తేల్చుకోవాలి. ఏ భాగం మార్చాలన్న నిర్ణయం ఆ తరువాతే తీసుకోవాలి. ఇందుకు ప్రత్యేక పరికరాలేవీ అక్కర్లేదు. ఒకసారికి ఒక్క మార్పే చేయడం, చేసిన ప్రతి మార్పునూ కాగితం మీద రాసుకోవడం అనే రెండు అలవాట్లు ఉంటే చాలు. ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చినవారికి సమస్య తీరినా ఎందుకు తీరిందో తెలియదు కనుక, అది మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచీ వెతుక్కోవలసి వస్తుంది.

ఏ పని మొదలుపెట్టే ముందైనా ఫొటోలు, పత్రాలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. కంప్యూటర్‌లో డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ పనిచేస్తున్నదేమో చూసి, దాని రికవరీ కీని వేరేచోట భద్రపరచుకోవాలి. బయోస్ (విండోస్ కంటే ముందు యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రాం) సెట్టింగులు మార్చినప్పుడో, మదర్‌బోర్డు (అన్ని భాగాలూ కలిసే ప్రధాన పలక) మార్చినప్పుడో విండోస్ 48 అంకెల ఆ కీని అడిగే అవకాశం ఉంది. అది దొరకకపోతే డిస్క్ పాడవకపోయినా అందులోని సమాచారం మన చేతికి రాదు.

నెమ్మదించిన కంప్యూటర్

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్ ఎంతెంత పనిచేస్తున్నాయో కనిపిస్తుంది. కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు ఈ అంకెలు చూసి ప్రయోజనం లేదు. ఏ పని చేస్తే విసుగు పుట్టేంత ఆలస్యమవుతున్నదో ఆ పని చేస్తూనే చూడాలి.

ముందుగా మెమరీని పరిశీలించాలి. అది 90 శాతానికి అటూ ఇటూగా ఉండి, అదే సమయంలో డిస్క్ కూడా తీరిక లేకుండా పనిచేస్తూ ఉంటే, ర్యామ్ చాలక విండోస్ అందులోని సమాచారాన్ని డిస్క్ మీదికి నెడుతున్నదని అర్థం. అప్పుడు డిస్క్ మీద కనిపించే భారానికి మూలం ర్యామ్‌లో ఉంటుంది. అలా కాకుండా మెమరీ సగమే నిండి, డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తూ, కింద చదివే వేగం సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లే ఉంటే, ఆ యంత్రంలో తిరిగే హార్డ్ డిస్క్ ఉండి ఉంటుంది. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుల్లో చాలావాటి పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటికి హెడ్ (చదివే భాగం) జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. విండోస్ మొదలయ్యేటప్పుడు వేలాది చిన్న చిన్న ఫైళ్లు అక్కడక్కడా చదవవలసి ఉంటుంది కనుక, డిస్క్ ఎంత శ్రమించినా సెకనుకు వంద చోట్లకు చేరడం కూడా కష్టమే. తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీలో ఇదే పనికి ఒక్కో చోట మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టదు. పాత కంప్యూటర్‌కు ఒకే ఒక్క మార్పు చేయగలిగితే అది ఎస్‌ఎస్‌డీయే కావాలని నేను గట్టిగా చెబుతాను.

సీపీయూ విషయంలో శాతంతో పాటు దాని కింద గిగాహెర్ట్జ్‌లలో కనిపించే వేగాన్ని కూడా చూడాలి. బరువైన పని జరుగుతున్నప్పుడు ఆ వేగం పక్కనే చూపించే బేస్ స్పీడ్ కంటే బాగా తక్కువకు పడిపోతూ ఉంటే, ప్రాసెసర్ వేడిని తట్టుకోలేక తనను తాను తగ్గించుకుంటున్నదని అనుమానించాలి. ఫ్యాన్ దగ్గరి జాలీలో దుమ్ము పేరుకోవడం, ప్రాసెసర్ మీద ఉండి వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోవడం ఇందుకు సాధారణ కారణాలు. గాలి ఊది శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతినవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమకు తగిన ఛార్జర్‌ను గుర్తించలేనప్పుడు కూడా వేగాన్ని ఇలాగే తగ్గించుకుంటాయి కనుక, వేరే ఛార్జర్‌తో ఒకసారి పరీక్షించడం మంచిది.

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ మార్చడం

డిస్క్ మార్చాలని నిర్ణయించుకున్న తరువాత, పాతదాని ఆరోగ్యం చూడకుండా క్లోనింగ్ (ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్త డిస్క్‌లోకి కాపీ చేయడం) మొదలుపెట్టకూడదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ తనలో తాను రాసుకునే స్మార్ట్ వివరాలను చూపిస్తుంది. పాడైన, పాడవుతున్న చోట్లను లెక్కించే రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే వరుసల్లో రా వాల్యూస్ కింద ఉన్న అంకె సున్నా కాకుండా, రోజురోజుకూ పెరుగుతూ ఉంటే ఆ డిస్క్ చివరి దశలో ఉన్నట్టే. అటువంటి డిస్క్‌ను మొత్తంగా క్లోన్ చేయబోతే ఆ శ్రమకే అది ఆగిపోయే ప్రమాదం ఉంది. ముందు విలువైన ఫైళ్లను విడిగా కాపీ చేసుకుని, కొత్త డిస్క్ మీద విండోస్‌ను తాజాగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే క్షేమం. డిస్క్ బాగున్నా, ఏళ్ల తరబడి వాడిన విండోస్‌ను యథాతథంగా మోసుకెళ్లడం కంటే తాజా ఇన్‌స్టలేషన్‌నే నేను ఇష్టపడతాను. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కనుక, అదే యంత్రంలో అదే ఎడిషన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

కొనేటప్పుడు పొరపాటు జరిగేది ఆకారం దగ్గర. పాత ల్యాప్‌టాప్‌లలో 2.5 అంగుళాల సాటా (డ్రైవ్ కంప్యూటర్‌తో కలిసే పాత పద్ధతి) డ్రైవ్ పడుతుంది. కొత్తవాటిలో ఎం.2 అనే సన్నని పలక ఉంటుంది. దాని మీద 2280 అని ఉంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు అని అర్థం. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా డ్రైవులూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ (అంతకంటే వేగమైన కొత్త పద్ధతి) డ్రైవులూ ఉన్నాయి, ఒకదానికోసం చేసిన స్లాట్‌లో రెండోది పనిచేయకపోవచ్చు. తయారీదారు ఇచ్చిన మాన్యువల్‌లో ఆ మోడల్ పేజీ చూసిన తరువాతే కొనాలి. సాటా ఎస్‌ఎస్‌డీ వేగం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ డ్రైవులు దానికి ఎన్నో రెట్లు వెళతాయి. అయినా హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కలిగే తేడా ముందు, రోజువారీ పనుల్లో ఈ రెండింటి మధ్య తేడా చిన్నదే. సాటా మాత్రమే పట్టే యంత్రం ఉన్నవారు నిరుత్సాహపడనక్కర్లేదు.

ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 తరాలు ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు. అంచున ఉండే గాడి ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది, దాన్ని పెంచుకునే వీలుండదు. టాస్క్ మేనేజర్ రెండు స్లాట్లు ఉన్నాయని చూపించినా, అతికించిన చిప్పులను కూడా అది స్లాట్లుగానే లెక్కించవచ్చు కనుక, మాన్యువల్ చూడకుండా నమ్మకూడదు.

అమర్చే ముందు షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగిపోతుంది. ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పి, మదర్‌బోర్డు నుంచి బ్యాటరీ కనెక్టర్‌ను మెల్లగా విడదీసి, పవర్ బటన్‌ను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. శరీరంలోని స్థిర విద్యుత్తు పోవడానికి ఎర్త్ అయిన లోహాన్ని ఒకసారి తాకాలి. ర్యామ్ పలకను అంచులతోనే పట్టుకుని, గాడి సరిచూసుకుని, సుమారు 30 డిగ్రీల ఏటవాలుగా స్లాట్‌లోకి జొనపాలి. బంగారు రంగు కాంటాక్టులు దాదాపు కనబడకుండా లోపలికి వెళ్లిన తరువాతే పలకను కిందికి నొక్కాలి. రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. కాంటాక్టులు ఇంకా బాగా కనిపిస్తూ ఉంటే బలవంతంగా నొక్కకుండా బయటికి తీసి మళ్లీ పెట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5 యంత్రాల్లో, తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు. కొత్త మెమరీకి తగ్గట్టు యంత్రం సర్దుకునే సమయమది; కంగారుపడి పవర్ తీసేయకూడదు.

డెస్క్‌టాప్ ఆన్ అయినా తెర రాకపోతే మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే తగిలించి ఉందా, మదర్‌బోర్డుకు తగిలించారా అన్నది ముందు చూసి, ఆపైన ర్యామ్ పలకలను తీసి ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షించాలి. ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయిందని అర్థం. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు మూత సరిగా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. ఆ ఒక్క విషయంలో మాత్రం సొంత వైద్యం వద్దు: ఛార్జింగ్ ఆపి, నొక్కకుండా, గుచ్చకుండా వెంటనే నిపుణుల చేత తీయించాలి.

విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా కీలను దాచే చిప్) కావాలి, ఇంటెల్ ప్రాసెసర్లలోనైతే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ పైది ఉండాలి. ఆ అర్హత లేని యంత్రానికి ఎంత ఖరీదైన ర్యామ్ వేసినా ఈ అడ్డంకి తొలగదు కనుక, పాత యంత్రం మీద ఖర్చు పెట్టే ముందే ఈ సంగతి చూసుకోవాలి. అటువంటి యంత్రానికి ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకుంటే బ్రౌజింగ్‌కు, రాతపనికి ఇంకొన్నేళ్లు నిక్షేపంగా పనికొస్తుంది.

వైఫై అందకపోతే

వైర్‌లెస్ సమస్యల్లో మొదట విడదీయవలసినవి రెండు: ఇంటి లోపలి వైఫై, బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వేగం చూస్తే ఇది తేలిపోతుంది. కేబుల్ మీద కూడా వేగం రాకపోతే వైఫై సెట్టింగులు మార్చి లాభం లేదు. ప్లాన్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, డౌన్‌లోడ్ వేగం చాలాచోట్ల మెగాబైట్లలో కనిపిస్తుంది. 100 మెగాబిట్ల కనెక్షన్‌లో ఫైలు సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్ల చొప్పునే దిగుతుంది. ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా వేగం 94, 95 మెగాబిట్ల దగ్గర గీత గీసినట్టు ఆగిపోతూ ఉంటే కేబుల్‌ను అనుమానించాలి. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కలవాలి. ఒక్కటి తెగినా, రౌటర్ పోర్టు పాత రకానిదైనా, కనెక్షన్ 100 మెగాబిట్లకు దిగిపోవచ్చు.

కనెక్ట్ అయినట్టు చూపిస్తూనే పేజీలు తెరుచుకోనప్పుడు విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి చూడాలి. ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే అంకె) 169.254తో మొదలైతే రౌటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. వైఫైని ఆపి మళ్లీ కలపడం, రౌటర్‌ను రీస్టార్ట్ చేయడం అక్కడ పనికొస్తాయి. చిరునామా సరిగా ఉంటే డిఫాల్ట్ గేట్‌వే అని కనిపించే అంకెను, అంటే రౌటర్ చిరునామాను, పింగ్ చేయాలి (ping అని కొట్టి పక్కన ఆ అంకె పెట్టి జవాబు వస్తుందేమో చూడాలి). ఆ జవాబులు రెండు మూడు మిల్లీసెకన్లలో స్థిరంగా వస్తే వైఫై బాగున్నట్టే. ఒకటి 3, ఒకటి 400, ఒకటి అసలు రాకపోవడం జరిగితే లోపం ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్యనే ఉంది. ఆ తరువాత గూగుల్ సర్వర్ చిరునామా అయిన 8.8.8.8ను పింగ్ చేయాలి. గేట్‌వే పలికి ఇది పలకకపోతే సమస్య ఇంటి బయట ఉంది, సర్వీసు ఇచ్చేవారికి చెప్పాలి. ఇది కూడా పలికి, వెబ్‌సైట్ పేరు పెడితే మాత్రం పలకకపోతే అది వెబ్‌సైట్ పేరును ఐపీ చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ లోపం. సెట్టింగుల్లో వేరే డీఎన్‌ఎస్ పెట్టగానే సాధారణంగా పోతుంది.

లోపం ఇంటి లోపలే అని తేలితే ముందు రౌటర్ ఉన్న చోటు చూడాలి. ఇనుప బీరువా వెనకో, పెద్ద అద్దం పక్కనో, నేల మీదో ఉన్న రౌటర్‌ను ఇంటి మధ్యకు, ఎత్తైన చోటికి జరపడం ఖర్చు లేని మార్పు, చాలా ఇళ్లలో అదే సరిపోతుంది. వైఫై వాడే తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటుతుంది కానీ పొరుగు రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే ఇరుక్కుంటాయి. అందులో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే; రౌటర్ సెట్టింగుల్లో ఈ మూడింటిలో రద్దీ తక్కువ ఉన్నదానికి మార్చి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు పెట్టుకోవాలి. రౌటర్ దగ్గరి గదుల్లో వీడియోలకు, కాల్స్‌కు 5 గిగాహెర్ట్జ్ వాడుకోవాలి.

దూరపు గదికి రిపీటర్ పెట్టేవారు దాన్ని సంకేతం అందని గదిలోనే పెడతారు. బలహీనమైన సంకేతాన్ని అందుకున్న రిపీటర్ బలహీనమైన ఇంటర్నెట్‌నే ముందుకు పంపగలదు కనుక, దాన్ని సంకేతం ఇంకా బాగున్న సగం దూరంలో ఉంచాలి. అయినా ఒకే రేడియో ఉన్న రిపీటర్ అందుకోవడానికీ పంపడానికీ దాన్నే వాడుతుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. కేబుల్ లాగే వీలున్న ఇంట్లో ఆ గదికి ఒక కేబుల్ వేసి, దాని నుంచి వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్ పెట్టుకోవడాన్ని మించిన మార్గం లేదు.

రౌటర్ మార్చవలసి వస్తే కొత్తదానిలో వైఫై భద్రతా పద్ధతిగా డబ్ల్యూపీఏ3 గానీ కనీసం డబ్ల్యూపీఏ2 గానీ ఎంచుకుని, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేసి, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. పాత వైఫై పాస్‌వర్డ్ బలంగానే ఉంటే, పాత నెట్‌వర్క్ పేరునూ ఆ పాస్‌వర్డ్‌నూ అక్షరం పొల్లుపోకుండా కొత్త రౌటర్‌లో పెట్టుకోవచ్చు. అప్పుడు ఇంట్లోని ఫోన్లు, టీవీ, ప్రింటర్ దాదాపు అన్నీ మళ్లీ వివరాలు అడగకుండా వాటంతటవే కలుస్తాయి.