ఎల్‌ఎస్‌ఈలో ఇంటర్నేషనల్ రిలేషన్స్ సీటు కావాలంటే: యూకాస్ ఫారం, స్టేట్‌మెంట్, రిఫరెన్స్

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, అంటే ఎల్‌ఎస్‌ఈ, పేరులో ఎకనామిక్స్ ఉన్నా ఇంటర్నేషనల్ రిలేషన్స్‌కి (అంతర్జాతీయ సంబంధాలు, క్లుప్తంగా ఐఆర్) అక్కడ 1927 నుంచీ ప్రత్యేక విభాగం ఉంది. ఇంటర్ తర్వాత చేరే మూడేళ్ల బీఎస్సీకి ఏ లెవెల్స్ (మన ఇంటర్‌కి సమానంగా బ్రిటన్‌లో రాసే పరీక్షలు) లెక్కలో మామూలుగా మూడు ఏ గ్రేడ్లు అడుగుతారు. ఈ కోర్సుకి ప్రవేశ పరీక్ష లేదు, మామూలుగా ఇంటర్వ్యూ కూడా పెట్టరు. అంటే మీ మొహం చూడకుండా, మాట వినకుండా, కాగితం మీద ఉన్నది చూసే నిర్ణయిస్తారు: మార్కులు, ఈ కోర్సు ఎందుకో మీరే రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంట్, మీ గురించి లెక్చరర్ రాసిచ్చే రిఫరెన్స్. మంచి మార్కులున్న పిల్లలు అక్కడ లెక్కలేనంత మంది, కాబట్టి తేడా తెచ్చేది మిగతా రెండే.

దరఖాస్తు యూనివర్సిటీకి నేరుగా వెళ్లదు, బ్రిటన్ యూనివర్సిటీలన్నిటికీ ఉమ్మడిగా డిగ్రీ దరఖాస్తులు తీసుకునే యూకాస్ అనే సంస్థ వెబ్‌సైట్ ద్వారా వెళ్తుంది. మొత్తం ఐదు ఎంపికలు ఇవ్వొచ్చు, మీరు ఇంకెక్కడెక్కడ పెట్టారో ఏ యూనివర్సిటీకీ కనిపించదు, కానీ స్టేట్‌మెంట్ మాత్రం ఐదింటికీ ఒక్కటే. అందుకే ఒకచోట ఐఆర్, ఇంకోచోట బిజినెస్, మరోచోట లా పెడితే స్టేట్‌మెంట్ ఎటూ కాకుండా పోతుంది. ఐదూ ఐఆర్‌కో, పాలిటిక్స్ కలిసిన ఐఆర్‌కో పెట్టుకోండి. అందులో ఒకటి రెండు ఎల్‌ఎస్‌ఈ కంటే తక్కువ మార్కులు అడిగేవి ఉండాలి.

ఫారం నింపేటప్పుడు మనవాళ్లకు మొదటి చిక్కు పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఇంటర్‌లో ఒట్టి ఇనీషియల్, పాస్‌పోర్టులో ఇంకో వరస. పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, తర్వాత వీసాకి కూడా అదే కావాలి. చదువు వివరాల్లో టెన్త్, ఇంటర్ రెండూ రాయాలి. మార్కుల్ని మీరే ఏ లెవెల్ గ్రేడ్లుగా మార్చేయొద్దు, మెమోలో ఉన్నవి ఉన్నట్టే వేయండి. సెకండియర్ ఇంకా రాయలేదు కాబట్టి దాన్ని ఫలితం రావాల్సినదిగా చూపించాలి. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది: ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఇండియా పేజీ తెరిచి, మీ బోర్డును నేరుగా ఒప్పుకుంటారా, ఎంత శాతం అడుగుతారో చూడండి. సీబీఎస్‌ఈకి రాసినది మన ఇంటర్ బోర్డుకీ వర్తిస్తుందని అనుకోవద్దు. స్పష్టంగా లేకపోతే అడ్మిషన్స్ వాళ్లకు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్లో చెప్పిన మాట మీద ఐదింటిలో ఒక ఎంపిక ఖర్చు చేయకండి.

గ్రూపు గురించి చాలామందికి టెన్షన్. ఐఆర్‌కి ఫలానా సబ్జెక్టు తప్పనిసరి అనే నియమం లేదు. హెచ్‌ఈసీ, సీఈసీ వాళ్లకు సివిక్స్, హిస్టరీ, ఎకనామిక్స్ ఉంటాయి కాబట్టి చెప్పుకోవడం సులువు. ఎంపీసీ వాళ్లు చదివినది వదిలేసి సారీ చెప్పుకోనక్కర్లేదు. రెండు దేశాలు ఆయుధాలు తగ్గించుకుందామని ఒప్పుకున్నాక ఎదుటివాడు మాట తప్పుతాడేమో అని ఇద్దరూ ఎందుకు భయపడతారన్నది గేమ్ థియరీతో, అంటే ఎదుటివాడి ఎత్తును బట్టి మన ఎత్తు తేల్చే లెక్కలతో, ఆలోచించే ప్రశ్నే.

ఇక స్టేట్‌మెంట్. 2026 ప్రవేశాల నుంచి పాత పద్ధతిలో ఒకటే పొడుగు వ్యాసం కాదు, మూడు ప్రశ్నలు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు, ఇప్పటిదాకా చదివిన చదువు దీనికి మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఇంకేం చేశారు, అది ఎలా పనికొస్తుంది. ఖాళీలతో కలిపి మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కో జవాబుకి కనీసం 350. ఎల్‌ఎస్‌ఈ లాంటి చోట ఎక్కువ భాగం సబ్జెక్టు గురించే ఉండాలి, ఆటలూ డాన్సులూ ఒక వాక్యంలో సర్దేయండి.

మొదటి ప్రశ్నకి వచ్చే జవాబులు నూటికి తొంభై ఒకేలా ఉంటాయి: చిన్నప్పటి నుంచీ ప్రపంచ వ్యవహారాలంటే ఆసక్తి, ఫారిన్ సర్వీస్‌లో చేరి దేశానికి సేవ చేయాలి, మోడల్ యుఎన్‌లో (విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా వాదించే నమూనా ఐక్యరాజ్యసమితి) బెస్ట్ డెలిగేట్. ఇందులో ఏదీ తప్పు కాదు, కానీ చదివేవాళ్లకు మీ బుర్ర ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్క కూడా తెలియదు. ఐఆర్ అంటే కరెంట్ అఫైర్స్ కాదు, సివిల్స్ కోచింగ్ అసలే కాదు. దేశాలు ఎందుకు అలా ప్రవర్తిస్తాయి, పైన పోలీసు లేని ప్రపంచంలో నియమాలు ఎవరు పెడతారు, ఎవరు పాటిస్తారు అని వాదించుకునే శాస్త్రం. కాబట్టి ఒక ప్రశ్న పట్టుకోండి, ఒక్కటే, దాన్ని లోతుగా తవ్వండి.

అలాంటి ప్రశ్నకు ఉక్రెయిన్ దాకా వెళ్లక్కర్లేదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సభ్యత్వం లేని దేశం కూడా తన వివాదాన్ని మండలి ముందుకు తేవచ్చని ఐరాస చార్టర్ 35వ అధికరణం చెబుతుంది, హైదరాబాద్ దాన్నే పట్టుకుంది. హైదరాబాద్ అసలు దేశమే కాదు, కాబట్టి మండలికి ఇందులో పనే లేదని భారత్ వాదన. సెప్టెంబర్ 16న ప్యారిస్‌లో మండలి ఈ విషయాన్ని ఎజెండాలోకి తీసుకుంది, మర్నాడే నిజాం లొంగిపోయాడు, కొద్దిరోజులకే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కబురు పంపాడు. మనం స్కూల్లో పోలీసు చర్య అని రెండు పేరాల్లో చదివేసిన ఈ కథలో ఐఆర్‌కి కావాల్సినదంతా ఉంది: దేశం అని ఎవరిని అంటారు, ఆ గుర్తింపు ఎవరిస్తారు, సైన్యం ముందు నడిచాక చట్టం ఏం చేయగలదు. మండలి సమావేశాల రికార్డులు ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. అవి చదివి, రెండు వైపుల వాదనల్లో మీకు ఏది బలహీనంగా అనిపించిందో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయగలిగితే ఏ మోడల్ యుఎన్ సర్టిఫికెట్టూ దానికి సాటి రాదు.

హిస్టరీ వద్దనుకుంటే భీమవరం వైపు చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతు ఎందుకు కుదేలయ్యాడు, రొయ్యల్లో మనకు పోటీ అయిన ఈక్వెడార్ మీద సుంకం అంత ఎందుకు పడలేదు, రష్యా చమురుకీ గోదావరి చెరువుకీ లంకె ఎక్కడ కుదిరింది? జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లయితే గల్ఫ్ ఉండనే ఉంది. లక్షల మంది కార్మికుల్ని పంపే దేశానికి వాళ్లను తీసుకునే దేశం దగ్గర బేరమాడే శక్తి ఎంత అన్నది మామూలు ప్రశ్న కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త: మీ ఊరి కష్టం చెప్పి జాలి పుట్టించడానికి కాదు ఇది. ఊరి సంగతి ఒక వాక్యం, ఆలోచన ఐదు వాక్యాలు.

మూడో ప్రశ్నకి ఎల్‌ఎస్‌ఈ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే పబ్లిక్ లెక్చర్లు, విదేశాంగ శాఖ సైట్‌లోని ఒప్పందాల డేటాబేస్ బాగా పనికొస్తాయి. విన్నానని రాస్తే చాలదు, ఏ మాటతో ఏకీభవించలేదో రాయండి. నాన్నగారి ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూసిపెట్టడం, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఫారాలు నింపిపెట్టడం లాంటివి నిజంగా చేసుంటే తప్పకుండా చెప్పండి. ఇంకొకరిది కాపీ కొట్టొద్దు, యూకాస్ ప్రతి స్టేట్‌మెంట్‌నీ పాతవాటితో పోల్చి చూస్తుంది, పోలిక ఎక్కువుంటే యూనివర్సిటీలకు చెబుతుంది.

రిఫరెన్స్ దగ్గర మన కార్పొరేట్ కాలేజీల పిల్లలు ఇబ్బంది పడతారు. వంద మంది సెక్షన్లో మీ పేరు లెక్చరర్‌కి గుర్తుండకపోవచ్చు, "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అనేవాళ్లూ ఉంటారు. అది కుదరదు, రిఫరెన్స్ వాళ్లే ఆన్‌లైన్‌లో నింపాలి, చుట్టాలూ స్నేహితులూ ఇవ్వకూడదు. సెకండియర్‌లో ఎన్ని మార్కులు వస్తాయనే అంచనా కూడా వాళ్లే వేయాలి, ఇది లేకపోతే దరఖాస్తు కుంటిదే. ఆగస్టు, సెప్టెంబర్లోనే మిమ్మల్ని ఎరిగిన ఒక సార్‌నో మేడమ్‌నో పట్టుకుని, మీరు రాసిన వ్యాసాలు, ఫస్టియర్ మార్కులు, చదవబోయే కోర్సు వివరాలు చేతికివ్వండి. రాసేది వాళ్లే, కానీ రాయడానికి సరుకు మీ దగ్గరే ఉంటుంది.

గడువు జనవరి మధ్యలో ఉంటుంది. 2026 ప్రవేశానికి జనవరి 14, యూకే టైమ్ సాయంత్రం 6 గంటలు, అంటే మనకు రాత్రి 11:30. ఆక్స్‌ఫర్డ్ కూడా పెట్టేవాళ్లకు అక్టోబర్ 15. చివరి రాత్రి దాకా ఆగితే కార్డు పేమెంట్ ఫెయిలైనా, లెక్చరర్ మెయిల్ చూడకపోయినా చేసేదేం ఉండదు.

పంపాక ఓపిక కావాలి, గడువు అయ్యాక అందర్నీ పోల్చి చూస్తారు కాబట్టి ఎల్‌ఎస్‌ఈ జవాబు ఆలస్యంగా వస్తుంది. ఆఫర్ వస్తే దాదాపు ఎప్పుడూ షరతుతోనే: ఇంటర్‌లో ఇంత శాతం, ఇంగ్లిష్ పరీక్షలో ఇంత స్కోరు. అన్ని జవాబులూ వచ్చాక ఒకటి ఫర్మ్‌గా, అంటే మొదటి ఎంపికగా, మార్కులు తగ్గితే ఆదుకునేలా ఇంకోటి ఇన్సూరెన్స్‌గా పెట్టుకోవాలి. డబ్బు లెక్క మాత్రం ఫర్మ్ నొక్కకముందే ఇంట్లో కూర్చుని వేసుకోండి, ఎందుకంటే తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాలు పీజీ, పీహెచ్‌డీకి తప్ప డిగ్రీకి రావు.