చలికి గేర్లు మొరాయిస్తే: పాత ఆటోమేటిక్ ట్రక్కును ఎలా చూసుకోవాలి?

పొద్దున్నే స్టార్ట్ చేసి డ్రైవ్‌లో పెడితే బండి కాసేపు కదలదు, తర్వాత దభీమని జర్క్‌తో గేరు పడుతుంది. లేదా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, పై గేరు పడదు. పది నిమిషాలు నడిచాక ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. టెన్షన్ పడి గేర్‌బాక్స్ విప్పించేయకండి. పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు చేసుకోవచ్చు.

మామూలా, జబ్బా?

ఈ గేర్‌బాక్స్‌లో గేర్లు పడేది ఆయిల్ ప్రెషర్‌తోనే. చలికి ఆయిల్ చిక్కబడితే వాల్వులు మెల్లగా కదులుతాయి, కాబట్టి గడ్డకట్టే చలిలో కాస్త ఆలస్యం సహజం. పైగా కంప్యూటర్ ఉన్న చాలా గేర్‌బాక్సులు వేడెక్కేదాకా ఓవర్‌డ్రైవ్‌ను, అంటే అన్నిటికంటే పై గేరును, కావాలనే ఆపి ఉంచుతాయి. ఎంత దూరం నడిపినా ఓవర్‌డ్రైవ్ పడకపోతే మాత్రం ఇంజన్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని అదుపు చేసే వాల్వు) మూసుకోవడం లేదేమో చూడండి. హీటర్ గాలి కూడా గోరువెచ్చగానే వస్తోందంటే అనుమానం బలపడినట్టే.

1. ఆయిల్ కొలవండి

సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఓ ఇరవై నిమిషాలు నడిపి, బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేయండి. చల్లటి ఆయిల్ మట్టం తక్కువగా చూపిస్తుంది. బ్రేక్ తొక్కిపట్టి లీవర్‌ను ఒక్కో గేరులో రెండు సెకన్లు ఉంచుతూ తిప్పండి. ఎక్కువ ట్రక్కుల్లో పార్క్‌లో, ఇంజన్ నడుస్తుండగానే కొలవాలి. పాత డాడ్జ్ ట్రక్కుల్లో న్యూట్రల్‌లో కొలుస్తారు, ఎందుకంటే వాటిలో చాలావరకు పార్క్‌లో ఉండగా టార్క్ కన్వర్టర్‌కు (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఆయిల్ చేరదు. అలాంటి బండిని పొద్దున కాసేపు న్యూట్రల్‌లో ఉంచితే ఆ మొదటి ఆలస్యం పోతుంది.

డిప్‌స్టిక్‌ను (ఆయిల్ కొలిచే పుల్లను) నూగు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా దింపి తీయండి. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రగా, తేటగా ఉంటే మంచిదే. ముదురు గోధుమ రంగుతో మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. గులాబి రంగు పాలలా కనిపిస్తే గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే, రేడియేటర్‌లోని కూలర్ నుంచి కూలెంట్ (రేడియేటర్ ద్రవం) కలిసిందని అర్థం, ఇక బండి కదపకండి.

తక్కువుంటే కొద్దికొద్దిగా పోయండి. చాలా డిప్‌స్టిక్‌ల మీద గీతల మధ్య తేడా అర లీటరు లోపే. ఎక్కువైనా ఆయిల్ నురగ కట్టి ప్రెషర్ పడిపోతుంది.

2. సరైన ఆయిలేనా?

మాన్యువల్ చెప్పిందే వాడాలి. జనరల్ మోటార్స్ పాత డెక్స్‌రాన్ ఆయిల్ రకాలకు బదులు డెక్స్‌రాన్ 6 పోయవచ్చు. క్రైస్లర్ బళ్లకు ఏటీఎఫ్+4, కొన్ని పాత ఫోర్డ్ గేర్‌బాక్సులకు టైప్ ఎఫ్ వాడతారు. మార్చేటప్పుడు ఫిల్టర్ కూడా మార్చేయండి. మూసుకుపోయిన ఫిల్టర్‌లోంచి చిక్కటి ఆయిల్‌ను పంపు లాగలేదు, సన్నటి కూత వినిపిస్తుంది.

3. గొట్టం, కేబుల్

టీహెచ్350, సీ6 లాంటి పాత గేర్‌బాక్సులకు వాక్యూమ్ మాడ్యులేటర్ ఉంటుంది, ఇంజన్ పీల్పును బట్టి గేరు ఎప్పుడు పడాలో సర్దే భాగం అది. దాని రబ్బరు గొట్టం చలికి బిరుసెక్కి పగిలితే గేర్లు ఆలస్యంగా, గట్టిగా పడతాయి. గొట్టం ఊడదీసి వేలితో తడిమి చూడండి. లోపల ఎర్ర ఆయిల్ ఉంటే మాడ్యులేటర్ లోపలి పలుచని పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే. ఆ ఆయిల్‌ను ఇంజన్ పీల్చుకుని కాల్చేస్తుంది. కింద చుక్క కారకుండానే మట్టం తగ్గడానికి కారణం ఇదే కావచ్చు.

700ఆర్4 రకం గేర్‌బాక్స్‌లో టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ ఉంటుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో గేర్‌బాక్స్‌కు తెలిపే తీగ అది. అది పట్టేస్తోందా అని చూడండి. ఊడదీసి మాత్రం నడపకండి, క్లచ్‌లు కాలిపోతాయి.

4. కోడ్‌లు చదవండి

అమెరికాలో అమ్మిన 1996 తర్వాతి చాలా పికప్‌లకు, బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివే మామూలు ఓబీడీ-2 స్కానర్ సరిపోతుంది. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్, ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ కోడ్‌లు ముఖ్యం.

5. పొద్దున నడిపే తీరు

స్టార్ట్ చేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఇంజన్ జోరు తగ్గాకే గేరు వేయండి. తర్వాత కొన్ని కిలోమీటర్లు యాక్సిలరేటర్ మీద భారం వేయకుండా నడపండి. ఊరికే నిలబెట్టి ఉంచితే గేర్‌బాక్స్ త్వరగా వేడెక్కదు. గేరు పడట్లేదని న్యూట్రల్‌లో రేజ్ చేసి లీవర్ లాగడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా చలిలోనే జారుతుంటే, వయసుతో గట్టిపడిన లోపలి రబ్బరు సీళ్లు కారణం కావచ్చు. వేడెక్కాక మెత్తబడి మళ్లీ పట్టు ఇస్తాయి. సీళ్లను మెత్తబరిచే మందులు కొంతకాలమే పనిచేస్తాయి. వేడెక్కాక కూడా జారుతుంటే మెకానిక్‌కు చూపించండి, విప్పడానికి ఒప్పుకునే ముందు లైన్ ప్రెషర్ టెస్ట్ (గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ప్రెషర్ కొలవడం) చేయమనండి.