ప్రభుత్వ వాహనాల పొగ తగ్గించాలంటే ముందు లాగ్‌బుక్కు తెరవాలి

బెంగళూరులోని ఏదైనా ప్రభుత్వ కార్యాలయంలో వాహనాల బాధ్యత మీకు అప్పగిస్తే, విద్యుత్ కార్లకు కొటేషన్లు తెప్పించే ముందు ఏడాది లాగ్‌బుక్కులను బల్ల మీద పరిచి, ప్రతి బండీ నెలనెలా తిరిగిన కిలోమీటర్లను, దానికి పోయించిన డీజిల్‌ను పక్కపక్కన రాసుకోండి. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, మైలేజీ పడిపోయిన బండి ఏదో తెలిస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినట్టే.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒకే ఏడాది కొన్న రెండు జీపుల్లో ఒకటి లీటరుకు 11 కిలోమీటర్లు ఇస్తే, రెండోది 8 దాటేది కాదు. ఇంజిన్ విప్పించి చూసినా లోపమేమీ కనబడలేదు. తీరా ఒక మధ్యాహ్నం కిందికి దిగి చూస్తే, అధికారి పైన మీటింగులో ఉండగా, డ్రైవర్ అద్దాలు మూసి ఏసీ వేసుకుని సీటు వాల్చి పడుకున్నాడు. సైలెన్సర్ కింద గచ్చు మీద అరచేతంత నల్లని మరక కట్టి ఉంది. ఏసీతో నిలబడి ఉన్న డీజిల్ జీపు గంటకు దాదాపు లీటరు తాగగలదు. దీనికి సర్క్యులర్లు అంటించి లాభం లేదు, ఎందుకంటే ఏప్రిల్ ఎండలో డ్రైవర్‌కు కూర్చోవడానికి వేరే చోటు లేదు. ఫ్యాను, మంచినీళ్లు, నాలుగు కుర్చీలున్న ఒక గది ఇచ్చి, అధికారి బయలుదేరడానికి ఐదు నిమిషాల ముందు ఫోన్ చేసే అలవాటు చేయించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలిపిన సమయానికి లాగ్‌బుక్కులో ఒక గడి గీయించండి. ఖర్చుకు తగ్గ ఫలితం దీనికి మించి మరే పనిలోనూ నాకు కనబడలేదు.

ఆ తర్వాత పొగ రంగు చూడాలి. నల్లని పొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి చాలడం లేదని గానీ, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ నాజిళ్లు అరిగాయని గానీ అనుమానించాలి. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగకపోతే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) లోపలికి చేరుతోందేమో చూపించాలి. మెట్రో పనుల దుమ్ములో తిరిగే బండికి ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చడం మంచిది.

ఎమిషన్ టెస్టును కాగితం కోసమే చేయించకండి. భారత్ స్టేజ్ (బీఎస్) అనే పొగ ప్రమాణాల్లో బీఎస్-4, బీఎస్-6 బండ్లకు సర్టిఫికేట్ ఏడాదికి, అంతకుముందువాటికి ఆరు నెలలకు చెల్లుతుంది. ఆ రీడింగులను ఏటా ఒక పుస్తకంలో ఎక్కిస్తే, పరిమితి దాటకముందే పెరుగుతున్న పొగ కంటపడుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లకు మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. సిల్క్ బోర్డు, హెబ్బాళ రద్దీలో చిన్న చిన్న ప్రయాణాలే చేస్తుంటే సైలెన్సర్ తగినంత వేడెక్కక, పేరుకున్న మసి కాలదు. డ్యాష్‌బోర్డు మీద ఆ ఫిల్టర్ దీపం వెలిగితే, బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన ప్రకారం, తుమకూరు రోడ్డు వంటి చోట నిలకడైన వేగంతో కాసేపు నడిపించాలి. ఇందుకోసం డ్రైవర్‌కు అనుమతి ముందే రాసి ఇవ్వండి, లేకపోతే ఆ కిలోమీటర్లకు ఆడిట్‌లో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుందని దీపం వెలిగినా ఊరుకుంటాడు.

విద్యుత్ కారు వచ్చినప్పుడు దానిని జిల్లా పర్యటనలకు కాక, రోజూ నగరంలోనే తిరిగి సాయంత్రానికి ఆఫీసు ఛార్జర్ దగ్గరికి చేరే బండి స్థానంలో పెట్టండి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలకు, రక్షణ, శాంతిభద్రతల విధుల్లోని కొన్ని మినహా, రిజిస్ట్రేషన్ కొనసాగదు కనుక, అటువంటి పాత జీపును నమోదైన తుక్కు కేంద్రానికి పంపే ఫైలును కొత్త బండి చేరిన రోజే కదపండి. ఒక్క నెల ఆలస్యమైనా అది ‘స్పేర్’ అనే పేరుతో షెడ్డులోనే ఉండిపోతుంది.