నాన్నతో యెల్లోస్టోన్: బైసన్‌ని చూడబోయే ముందు జాగ్రత్తలు

మా నాన్నకి 74 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి గేదెల మధ్యే పెరిగారు. పోయినేడు అమెరికా వచ్చినప్పుడు ఆయనకి బైసన్ (ఇక్కడి అడవి దున్న లాంటి జంతువు) మందల్ని చూపించాలని యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాను. బయల్దేరే ముందు ఆయన గుండె, మోకాళ్లు, మందులు అన్నీ ఆలోచించాను. ఒక్కటే ఆలోచించలేదు. కొమ్ములున్న జంతువంటే ఆయనకి బొత్తిగా భయం లేదు.

పార్కులోని హేడెన్ లోయలో కారు ఆపి డిక్కీలో నీళ్ల సీసా వెతుకుతున్నాను. తలెత్తి చూస్తే నాన్న చెయ్యి చాచి "హయ్... హయ్" అంటూ గడ్డి మేస్తున్న ఒక పెద్ద పోతు వైపు నడుస్తున్నారు. పరిగెత్తి భుజం పట్టుకున్నాను. "ఏం కాదురా, మన దున్నపోతు లాంటిదేగా" అన్నారు. అదృష్టం కొద్దీ అది తల ఎత్తలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మానాన్నల్ని అక్కడికి తీసుకెళ్లే వాళ్లు ఈ మాట ఇంట్లోనే, తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవాలని ఇది రాస్తున్నాను.

మగ బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతోనూ గంటకి 55 కిలోమీటర్ల వేగంతో దూకుతుంది. యెల్లోస్టోన్‌లో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచింది ఎలుగుబంటి కాదు, ఇదే. 2024 జూన్‌లో స్టార్మ్ పాయింట్ కాలిబాట దగ్గర 83 ఏళ్ల ఒక పెద్దావిడని కొమ్ములతో అడుగు ఎత్తు లేపింది, ఆవిడకి తీవ్ర గాయాలయ్యాయి. నాన్నకి ఈ సంగతి చెప్పాకే నా భయం ఆయనకి అర్థమైంది.

పార్కు నియమం ప్రకారం బైసన్‌కి కనీసం 25 గజాల దూరంలో ఉండాలి. పెద్దవాళ్లకి క్రికెట్ లెక్కలో చెప్పండి: పిచ్ పొడవు 22 గజాలు, దానికి ఇంకో మూడు గజాలు. ఎలుగుబంటికీ తోడేలుకీ 100 గజాలు, అంటే బౌండరీ గీత కంటే అవతల. నా సలహా, నాన్న పక్కనుంటే బైసన్‌కి కూడా ఈ 25ని రెట్టింపు చేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి చటుక్కున వెనక్కి తిరిగి కారెక్కలేరు. అది మేస్తూ మన వైపే వస్తే మనమే జరగాలి. అదిలిస్తే పోతుందనే అలవాటు మన ఊళ్లోనే వదిలేసి రావాలి.

తోక గురించి మరీ మరీ చెప్పండి. ఇంటి దగ్గర గేదె తోక ఎత్తితే పేడ వేయడానికో, ఈగల్ని తోలుకోవడానికో అనుకుంటాం. బైసన్ తోక నిటారుగా లేచిందంటే మీదికి రాబోతోందని అర్థం కావచ్చు. పేడ వేసేటప్పుడు కూడా ఎత్తుతుంది, కానీ ఏదో తేల్చుకోవడానికి అక్కడ నిలబడొద్దు. తల ఆడించడం, కాలితో నేల గీరడం, బుస కొట్టడం కూడా హెచ్చరికలే.

ఎప్పుడు వెళ్లాలన్నదీ ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో అప్పుడే పుట్టిన దూడలుంటాయి, తల్లులు దగ్గరికి రానివ్వవు. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఎద కాలం, పోతులు రెచ్చిపోయి ఉంటాయి, పైగా పార్కులో జనం. నాకైతే సెప్టెంబరు మొదటి సగం నచ్చింది. జనం తగ్గుతారు. అప్పుడు పార్కు ఉత్తరాన మామత్ దగ్గర ఎల్క్ అనే పెద్ద జింకల్లో మగవి ఎదలో ఉంటాయి, వాటికీ అదే 25 గజాలు.

ఇక ఎత్తు. వేడినీళ్లు పైకి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ బుగ్గ దాదాపు 7,365 అడుగుల ఎత్తులో ఉంది, ఇంచుమించు మన ఊటీ అంత. డన్‌రావెన్ కనుమ దగ్గర రోడ్డు 8,800 అడుగులు దాటుతుంది. సాల్ట్ లేక్ సిటీలో విమానం దిగి అదే రోజు పైకి వెళ్లకండి. దారిలో ఐడహో ఫాల్స్‌లో ఒక రాత్రి పడుకుంటే ఒంటికి కాస్త అలవాటవుతుంది, అది 4,700 అడుగులే. ఇండియా నుంచి వచ్చి కనీసం పది రోజులైనా కావాలి. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా ఎత్తుకి వెళ్లొద్దు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తుంటే వెంటనే కిందికి దించి వైద్యం చేయించాలి. గుండె జబ్బున్న వాళ్లు ఇండియాలోనే డాక్టర్ని అడిగి, కొత్త ఈసీజీ తీయించుకుని రావాలి.

మందుల పేర్లు బ్రాండ్లలో కాకుండా అసలు మందు పేరుతో రాయించుకోండి. డోలో అంటే ఇక్కడి డాక్టర్లకి తెలియకపోవచ్చు. ఇన్సులిన్ కారులో వదలొద్దు, పగలు ఎండకి వేడెక్కుతుంది, రాత్రి చలికి గడ్డకట్టొచ్చు. వేసవిలో కూడా రాత్రుళ్లు మంచు పడేంత చలి ఉండొచ్చు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకి ఎంతవరకు ఇస్తారో, ఆసుపత్రికి చేర్చే హెలికాప్టర్ ఖర్చు ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. పార్కులో చిన్న క్లినిక్‌లే ఉంటాయి, పెద్ద ఆసుపత్రి కావాలంటే ఐడహో ఫాల్స్, బోజ్‌మన్, కోడీ లాంటి ఊళ్లకి పోవాలి. సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటుంది. మంద రోడ్డు మీదికి వస్తే గంటైనా కారు కదలదు. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) వేసుకునే పెద్దాయనకి అదే సమయంలో టాయిలెట్ అవసరం పడుతుంది, మొహమాటపడి చెప్పరు, ఓర్చుకోలేక తలుపు తీసి దిగిపోతారు. అందుకే మూత ఉన్న యూరిన్ సీసా ఒకటి కొని కారులో పెట్టండి, దాని గురించి ముందే చెప్పండి. మాత్ర ఏ టైముకి వేసుకోవాలో డాక్టర్నే అడగాలి, మనంతట మనం మానిపించకూడదు. మంద మధ్య ఇరుక్కుంటే అద్దాలు మూసి, హారన్ కొట్టకుండా కూర్చోవాలి.

వేడినీటి బుగ్గల దగ్గర చెక్క దారి దిగొద్దు, పక్కన నేల పైకి గట్టిగా కనిపించినా కింద మరిగే నీళ్లుంటాయి. పొద్దున్నే మంచుకి ఆ చెక్కలు జారతాయి, చేతికర్రకి కొత్త రబ్బరు తొడుగు వేయించండి. దారికి అడ్డంగా బైసన్ ఉంటే పక్క నుంచి తప్పించుకుని పోదామని చూడకండి, వెనక్కి వచ్చేయండి.

పులిహోర, చపాతీలు తీసుకెళ్లొచ్చు. తిన్నాక మిగిలింది బల్ల మీద వదలొద్దు, వాసనకి ఎలుగుబంట్లు వస్తాయి.

హేడెన్ లోయలో అలా జరిగిన మర్నాడు నేను మడత కుర్చీ, బైనాక్యులర్ కొన్నాను. తెల్లవారుజామున లామర్ లోయలో కారు పక్కనే కుర్చీ వేసి, శాలువా కప్పి నాన్నని కూర్చోబెట్టాను. బైనాక్యులర్ చేతిలో పెట్టాక ఆయన కుర్చీ దిగలేదు. రెండు గంటలు దూడల్ని లెక్కపెట్టారు, ఏది ఏ తల్లిదో నాకు చూపించారు.

తిరుగు ప్రయాణం వెలుతురుండగానే మొదలుపెట్టండి. బైసన్‌ల ముదురు గోధుమ రంగు ఒళ్లు రాత్రి రోడ్డు మీద దగ్గరికొచ్చే దాకా కనబడదు. పార్కులో చాలావరకు వేగ పరిమితి గంటకి 45 మైళ్లు, చీకటి పడితే అంతకంటే బాగా తగ్గించి నడపండి.