మంగు మచ్చలు తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకొస్తాయి? వస్తే ఏం చేయాలి?

మంగు మచ్చలకు మందు వాడి తగ్గించుకున్నవాళ్లు రెండోసారి నా దగ్గరికొచ్చేటప్పుడు కాస్త కోపంగానే వస్తారు. "పూర్తిగా పోయింది కదండీ, మళ్లీ ఇదేంటి?" అని. పోయిన మాట నిజమే. కాకపోతే పోయింది పైకి కనబడే రంగు. ఆ రంగు తయారుచేసే కణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చర్మ వైద్యురాలిగా ఈ సంగతి మొదటి రోజే చెప్తాను గానీ, అద్దంలో మచ్చ కనబడుతున్నన్నాళ్లూ ఎవరికీ తలకెక్కదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

పైచర్మం అడుగు వరుసలో మెలనోసైట్లనే కణాలుంటాయి. ఒక్కొక్కటి తన చుట్టూ ఉన్న 30, 40 కణాలకు మెలనిన్ రంగు పంచుతుంది. ఆ రంగు తయారవడానికి టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి. మంగుకు రాసే హైడ్రోక్వినోన్, కోజిక్ యాసిడ్, అజెలాయిక్ యాసిడ్ లాంటి మందులన్నీ ఈ ఎంజైమ్‌కు అడ్డుపడేవే. అడ్డు తీసేస్తే అది మళ్లీ పనిలో పడుతుంది. పైగా మంగు ఉన్నచోట తేడా మెలనోసైట్లలోనే కాదు, వాటి కింది పొరలోనూ ఉంటుంది. అక్కడ రక్తనాళాలు ఎక్కువ, రెండు పొరల మధ్య ఉండే సన్నని పటలం దెబ్బతిని ఉంటుంది, ఎండ ఏళ్ల తరబడి చేసిన పాడు అంతా అక్కడ పోగై ఉంటుంది. అందుకే ఒకే ముఖం మీద, ఒకే ఎండకు, పక్కనున్న చర్మం ఊరుకున్నా మంగు చోటు మాత్రం వెంటనే నల్లబడుతుంది. కొంత రంగు ఆ పటలం దాటి లోపలికి జారిపోతుంది కూడా. అలా జారినది బూడిద రంగులోనో నీలిచాయలోనో కనిపిస్తుంది. దాని మీద క్రీములు పెద్దగా పనిచేయవు, అది తగ్గడానికి నెలలు కాదు, ఏళ్లు పట్టవచ్చు.

ముందు అది మంగేనా?

మళ్లీ మళ్లీ వస్తోందంటే నేను మొదట అనుమానించేది మందును కాదు, రోగ నిర్ధారణను. బుగ్గలు, నుదురు, పైపెదవి మీద రెండువైపులా దాదాపు ఒకేలా పటంలా పరుచుకుంటే మంగు అనుకోవచ్చు. మొటిమ ఉన్నచోటే చుక్కలా మిగిలితే అది వాపు తగ్గాక మిగిలిన నలుపు. అక్కడ మొటిమలను ఆపకుండా మచ్చకు మందు రాస్తూ కూర్చుంటే, పాతది పోయేలోపు కొత్తది దిగుతుంది. మొటిమలు గిల్లే చేతిని ఆపడం ఏ సీరమ్‌ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. మెడ వెనక మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడితే చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కారణం. దాన్ని పీచుతో రుద్దితే ఇంకా నల్లబడుతుంది, షుగర్ పరీక్ష చేయించుకోవాలి. జుట్టు అంచు వెంబడి, చెవుల ముందు నల్లబడుతుంటే జుట్టు రంగునో, సెంటు కలిసిన క్రీమునో అనుమానించాలి. మొటిమలకు ఇచ్చే మినోసైక్లిన్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ లాంటి మందులు వాడేవాళ్లకు వాటి వల్లే రంగు మారవచ్చు. ఇవేవీ తేల్చుకోకుండా ట్యూబుల మీద ట్యూబులు మార్చడం దండగ.

వెలుతురు సంగతి

మంగు తిరగబెట్టడానికి పెద్ద కారణం ఇదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. "సన్‌స్క్రీన్ రోజూ రాస్తున్నానండీ" అన్నవాళ్లకు ట్యూబు చేతికిచ్చి, నా ఎదురుగానే రాసి చూపించమంటాను. చిటికెన వేలి కొస మీద శనగగింజంత తీసుకుంటారు, బుగ్గల మీద నాలుగు చుక్కలు పెట్టి గబగబా అలికేస్తారు. పైపెదవి, కణతలు, కళ్లకింద భాగం అలాగే మిగిలిపోతాయి. చిత్రమేమిటంటే మచ్చలుండేవి కూడా సరిగ్గా అక్కడే. ఎండను ఎంత అడ్డుకుంటుందో చెప్పడానికి డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ అంకె, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి పరీక్షించినప్పటిది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు గీస్తే ముఖానికీ మెడకూ దాదాపు ఆ లెక్క సరిపోతుంది. ఒకేసారి అంత రాస్తే జిడ్డుగా ఉందనిపిస్తే, ఒక గీత రాసి, ఆరాక రెండోది రాయండి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

మోతాదు సరిపోయినా ఇంకో చిక్కుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆపేది అతినీలలోహిత కిరణాలను. కంటికి కనిపించే వెలుతురులో నీలి, ఊదా భాగం కూడా మెలనోసైట్లను రెచ్చగొడుతుంది, చామనఛాయ నుంచి నలుపు దాకా ఉన్న చర్మాల్లో మరీ ఎక్కువగా. తెల్లగా ఉన్నా, పారదర్శకంగా ఉన్నా, రంగు కలపని క్రీములు దాన్ని పెద్దగా ఆపలేవు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఆపుతుంది, అదే 'టింటెడ్' అని అమ్మేది. మీకు మంగు ఉంటే ఎస్‌పీఎఫ్ 50 కోసం వెతికే ముందు, పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్ ఉందో లేదో చూడండి. మీ రంగుకు దగ్గరగా ఉన్నది తీసుకుంటే మచ్చ కూడా కొంత కప్పుకుంటుంది, రాసుకోవాలనే బుద్ధీ పుడుతుంది.

అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది గానీ, యూవీఏ అనే రకాన్ని అంతగా ఆపదు. ఇంట్లోనే ఉన్నా రోజంతా కిటికీ పక్కన కూర్చునేవాళ్లకూ, బండి నడిపేవాళ్లకూ రక్షణ కావాలి. ఫోన్ తెర గురించి మాత్రం బెంగ అక్కర్లేదు, ఎండతో పోలిస్తే దాని వెలుతురు ఏపాటిది! పొయ్యి, కొలిమి, బాయిలర్ల దగ్గర గంటల తరబడి ఉండేవాళ్లకు ఆ వేడి కూడా మచ్చను పెంచవచ్చు.

మందు ఆపే పద్ధతి

మంగుకు ఎక్కువగా వాడే మూడు మందుల క్రీము మూలసూత్రం 1975 నాటిది, క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు చర్మ వైద్యులు ప్రకటించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో 4 శాతం హైడ్రోక్వినోన్, 0.05 శాతం ట్రెటినోయిన్ (విటమిన్ ఎ జాతి మందు), 0.01 శాతం ఫ్లూసినోలోన్ ఉంటాయి. ఈ చివరిది స్టెరాయిడ్. పనితీరులో దీన్ని మించినది ఇప్పటికీ తక్కువే. అయితే అమెరికాలో దీనికి అనుమతి ఇచ్చింది రోజువారీ వాడకానికి 8 వారాల వరకే. అది ముఖానికి రోజువారీ క్రీము కాదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. ఆపిన వెంటనే ముఖం మండి, ఎర్రబడి, ఆ వాపు వల్లే మళ్లీ నల్లబడుతుంది. హైడ్రోక్వినోన్ ఏళ్ల తరబడి వాడితే చర్మంలో నీలం కలిసిన నలుపు దిగే జబ్బు ఒకటుంది, దాన్ని వదిలించడం మంగు కంటే కష్టం.

నా దృష్టిలో అసలు వైద్యం మచ్చ కనబడకుండా పోయిన రోజు మొదలవుతుంది. ఆ రోజునే చాలామంది ట్యూబు పక్కన పడేస్తారు, సన్‌స్క్రీన్ కూడా దానితోపాటే. అలా ఒక్కసారిగా ఆపేయకూడదు, అలాగని రోజూ రాస్తూ కొనసాగించకూడదు. రోజూ రాత్రి రాసేది రోజు విడిచి రోజుకు, తర్వాత వారానికి రెండుసార్లకు దించాలి. ఆ ఖాళీ రాత్రుల్లోకి స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్ లేని మందు ఒకటి తేవాలి. నేను ఎక్కువగా ఎంచుకునేది 15 నుంచి 20 శాతం అజెలాయిక్ యాసిడ్. పగటి పూట నియాసినమైడ్ గానీ విటమిన్ సి గానీ చాలు, రెండూ మూడూ పులమక్కర్లేదు. ఎంత వేగంగా దించాలన్నది మీ చర్మం చూసిన డాక్టరు నిర్ణయించాలి. ఎండాకాలం రాకముందే ఓసారి చూపించుకుంటే ఇంకా మంచిది.

ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రల సంగతీ ఇదే. రక్తస్రావాన్ని ఆపే ఈ మందు మంగును తగ్గిస్తుందని 1979లో జపాన్‌లో గమనించారు. సాధారణంగా 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మూడు నెలల పాటు ఇస్తారు. బాగా పనిచేస్తుంది, కానీ ఆపిన కొన్ని నెలలకు చాలామందిలో మచ్చ తిరిగొస్తుంది. కాబట్టి మాత్రలు నడుస్తుండగానే సన్‌స్క్రీన్, క్రీముల అలవాటు స్థిరపడాలి. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. నిజానికి ఆ గర్భనిరోధక మాత్రలే మంగును నిలబెడుతుండవచ్చు, గైనకాలజిస్టుతో మాట్లాడి వేరే పద్ధతికి మారడం గురించి ఆలోచించండి.

లేజర్ గురించి నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. మంగుకు అది మొదటి మెట్టు కాకూడదు. వేడీ, వాపూ మెలనోసైట్లను రెచ్చగొట్టేవే. సిట్టింగుల మీద సిట్టింగులు చేయించుకుంటే కొందరికి నలుపు మధ్యలో తెల్లటి చుక్కలు కూడా మిగులుతాయి. "శాశ్వతంగా పోతుంది" అని ఎవరైనా మాటిస్తే, అక్కడి నుంచి లేచి రండి.

మళ్లీ కనబడితే

పాత ట్యూబు వెతికి సొంతంగా మొదలుపెట్టకండి. గత రెండు నెలల్లో ఏం మారిందో చూసుకోండి. ప్రయాణం, కొత్త మాత్ర, కొత్త క్రీము, సన్‌స్క్రీన్ అయిపోయి కొనకపోవడం, గర్భం. ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయంలో, మేకప్ లేకుండా ఫోటో తీసి పెట్టుకోండి, అద్దం ముందు రోజుకో అభిప్రాయం కలుగుతుంది. మంగు కొత్తగా తిరగబెట్టినప్పుడు రంగు ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది కాబట్టి ఆ దశలో త్వరగా లొంగుతుంది. త్వరగా అంటే వారంలో అని కాదు. పైచర్మం పూర్తిగా మారడానికే దాదాపు నెల పడుతుంది, తేడా తెలియడానికి రెండు మూడు నెలలు ఆగాలి. వారంలో తెల్లబరిచే పేరూ ఊరూ లేని క్రీముల్లో పాదరసమో, బలమైన స్టెరాయిడో ఉండే అవకాశం ఎక్కువ.

గర్భిణులు ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ రెండూ ఆపేయాలి. రంగు సన్‌స్క్రీన్ వాడుకోవచ్చు, అవసరమైతే డాక్టరును అడిగి అజెలాయిక్ యాసిడ్ కూడా. కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలామందికి దానంతటదే పలచబడుతుంది.

ఒక్క మచ్చే విడిగా పెరుగుతున్నా, అంచులు వంకరటింకరగా ఉన్నా, అందులో రెండు మూడు రంగులు కనిపిస్తున్నా, రక్తం కారుతున్నా ఇదంతా దానికి వర్తించదు. అలాంటి మచ్చ మీద ఏ క్రీమూ రాయకుండా ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.