గోబర్ గ్యాస్ ప్లాంటు ఖాళీ చేసే ముందు

ఏళ్ల తరబడి నడిచిన గోబర్ గ్యాస్ ప్లాంటులో అడుగున మడ్డి పేరుకుంటుంది, పైన వరిగడ్డి, చొప్ప తెట్టు కడతాయి. గ్యాస్ తగ్గిపోతుంది. వానలు పడకముందే ఖాళీ చేయించుకోవడం మంచిదే. కానీ మనిషిని మాత్రం లోపలికి దించకండి.

ఆ గ్యాస్‌లో సగానికి పైగా మీథేన్, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన దానిదే. మీథేన్ గాలికన్నా తేలిక కాబట్టి మూత తీస్తే పైకి పోతుంది. మిగతా రెండూ గాలికన్నా బరువు, అడుగునే ఉండిపోతాయి. "రెండ్రోజుల కిందటే మూత తీశాం, ఏం కాదు" అనే ధైర్యం అందుకే పనికిరాదు. మడ్డిని కదిపితే అందులో చిక్కుకున్న విషవాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది. వాసన పోయిందంటే గాలి బాగుందని కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు దాటితే కాసేపట్లోనే ముక్కుకు దాని వాసన తెలియదు. ఇంకా పెరిగితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. ముఖానికి తువ్వాలు కట్టుకున్నా, మామూలు మాస్కు పెట్టుకున్నా దీన్ని ఆపలేవు.

పాడుబావిలో గాలి ఉందో లేదో చూడటానికి దీపం దించే అలవాటు కొందరికి ఉంది. ఇక్కడ ఆ పని అస్సలు చేయొద్దు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. బీడీ, మామూలు కరెంటు మోటారు కూడా దూరంగా ఉండాలి.

ముందుగా పేడ వేయడం ఆపి, ఉన్న గ్యాస్‌ను పొయ్యి మీద వాడేయండి. తర్వాత ఇంటి వైపు వాల్వు మూసి, ప్లాంటు దగ్గర పైపు విప్పి మెయిన్ వాల్వు తెరిచి ఉంచండి. అది మూసి ఉండగా స్లర్రీ (లోపలున్న పేడనీళ్లు) తోడితే లోపలికి గాలి చేరక డోము (గ్యాస్ నిలిచే పైకప్పు) పగలొచ్చు. నీళ్లు కలిపి పలచన చేసి, పైనుంచే పంపుతో తోడించండి. గాలి ఎటునుంచి వీస్తోందో ఆ వైపు నిలబడాలి, ప్లాంటు మూతి మీదికి వంగకూడదు. దిగక తప్పని పరిస్థితి వస్తే ఊపిరి పీల్చుకునే గాలి సిలిండరు, బెల్టు, గ్యాస్ మీటరు ఉన్న శిక్షణ పొందినవాళ్లే దిగాలి.

ఇంట్లో అందరికీ ముందే చెప్పాల్సింది ఒకటుంది. లోపల ఎవరైనా పడిపోతే వెనకాలే దూకకూడదు. అన్న కోసం తమ్ముడు, తండ్రి కోసం కొడుకు దిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ప్రేమతో దిగేవాళ్లను ఆ క్షణంలో ఆపడం కష్టం, అందుకే ముందు రోజే కూర్చోబెట్టి చెప్పండి. వెంటనే 101కి, 108కి ఫోన్ చేయాలి.

మళ్లీ పేడ, నీళ్లు సమపాళ్లలో నింపాక మొదట వచ్చే గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది. దాన్ని వెలిగించకుండా బయటికి వదిలేయండి. మంట వస్తోందో లేదో స్టవ్ దగ్గరే చూడాలి, పైపు మూతి దగ్గర కాదు. స్లర్రీ బయటికొచ్చే గొయ్యి మీద పలకలు కప్పి ఉంచండి, పిల్లలూ దూడలూ పడేది అక్కడే.