'గో ఆన్' అంటే వెళ్ళమనా, చెప్పమనా?

సమస్య: ఎదుటివాళ్ళు 'గో ఆన్' అనగానే ఏం చెయ్యాలో తోచదు.

నా మొదటి ఇంటర్వ్యూలో జరిగిందిదే. చదువు గురించి రెండు ముక్కలు చెప్పి ఆగాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే 'గో ఆన్' అన్నారు. థాంక్యూ చెప్పి, ఫైలు చంకలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళిపోయాను!

కారణం: 'గో' వినపడితే చాలు, 'వెళ్ళు' అనుకోవడం. పంపించేయాలంటే 'యూ కెన్ గో' అంటారు. 'ఆన్' చేర్చి, దాన్నే కాస్త ఒత్తి పలికారంటే 'ఊఁ, చెప్పండి', 'కానివ్వండి' అని.

పరిష్కారం: కదలకండి. ఆపిన చోటి నుంచి అందుకోండి.

సమస్య: గ్రామర్ తప్పు లేదు, కానీ చదివినవాళ్ళకు వేరే అర్థం వచ్చింది.

'హీ వెంట్ ఆన్ టాకింగ్ అబౌట్ హిజ్ సన్' అంటే కొడుకు గురించి చెప్పుకుంటూ పోయాడని. 'హీ వెంట్ ఆన్ టు టాక్ అబౌట్ హిజ్ సన్' అంటే అప్పటిదాకా వేరే సంగతేదో మాట్లాడి, ఆ తర్వాత కొడుకు విషయం ఎత్తాడని.

కారణం: రెండింటికీ 'కొనసాగించాడు' అని ఒకే అర్థం బట్టీ పట్టడం. ఆ మాట గైడ్లలోనే గానీ ఇళ్ళల్లో ఎవరంటారు? మనకు 'చెప్పుకుంటూ పోయాడు' ఉంది. అందులోనూ 'పోయాడు' ఉంది, మనిషి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. 'వెంట్ ఆన్' చేసే పనీ అదే.

పరిష్కారం: ముందు తెలుగులో అనుకోండి. 'చేస్తూ పోయాడు', 'చేస్తూనే ఉన్నాడు' అని వస్తే 'ఇంగ్' పెట్టండి. 'ఆ తర్వాత' అని వస్తే 'టు'. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన నీలం సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యారు. అది చెప్పాలంటే 'హీ వెంట్ ఆన్ టు బికమ్ ప్రెసిడెంట్'. 'వెంట్ ఆన్ బికమింగ్' అన్నారనుకోండి, పాపం ఆయన రాష్ట్రపతి అవుతూనే ఉన్నట్టుంటుంది.

సమస్య: మామయ్యకు తన ఊరంటే ఎంత ప్రేమో చెబుదామని 'హీ గోస్ ఆన్ అబౌట్ హిజ్ విలేజ్' అన్నారు. విన్నవాళ్ళు నవ్వారు.

'గో ఆన్' పక్కనే 'అబౌట్' వస్తే అందులో విసుగు ధ్వనిస్తుంది: ఎప్పుడూ అదే సోది అన్నట్టు. 'హీ లవ్స్ టాకింగ్ అబౌట్ హిజ్ విలేజ్' అనండి, మామయ్య పరువు దక్కుతుంది.

'గో ఆన్ ఎ టూర్' చూసి మాత్రం టెన్షన్ పడకండి. అక్కడ 'ఆన్' టూర్‌ది, 'గో'ది కాదు.